తెలీదమ్మా

శ్రీకాకుళం నుంచి చీపురుపల్లి మీదుగా వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ పేరు నేను అడగలేదు. కిటికీ దగ్గర ఆమె భర్త నిద్రపోతున్నాడు. మధ్యలో లేచి దిగిపోకుండా తన చీర చెంగును అతని మణికట్టుకు ముడేసింది.

"గుజరాతు సేపల బోట్లలో పనికెళ్లి గంజాయి మరిగీసినాడు బాబూ. సీపురుపల్లి అవతల పసరు పోస్తారట. తాగితే మానేస్తాడంతన్నారు. నిజమేనేటి?" అని అడిగింది.

నిజం కాదని నాకు తెలుసు. మా తమ్ముడికీ అదే పసరు పోయించాం. రెండు రోజులు వాంతులతో మంచం దిగలేదు. మూడో రోజు మళ్లీ గంజాయి కోసం వెళ్లిపోయాడు. చివరికి వాణ్ని మనిషిని చేసింది ఆమె బస్సెక్కిన శ్రీకాకుళంలోని ప్రభుత్వాసుపత్రే. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. అంతలో ముందు సీట్లో ఉన్న మా ఊరాయన వెనక్కి తిరిగాడు. తమ్ముడు చెన్నైలో పనిచేస్తున్నాడని ఊరందరికీ చెప్పుకున్నాం మేము. ఎందుకొచ్చిన పరువో!

"తెలీదమ్మా," అన్నాను.

చీపురుపల్లిలో ఆమె భర్తను లేపి, ముడి విప్పకుండానే నడిపించుకుంటూ వెళ్లింది. మెట్ల దగ్గర ఆగి, "పోనీలే బాబూ. మా కట్టం మీ ఇంటికి రాకుండా ఆ అరసవిల్లి సామి సూడాల," అని దీవించింది.

తమ్ముడి ఆస్పత్రి చీటీ నా చొక్కా జేబులోనే ఉంది. దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తల ఊపాను.