పదకొండు గీతల తప్పు

చేపల పడవకు స్టీరింగ్ బోర్డు గీసే ముందు నేను మొదట చేసే పని ఒకటుంది. పడవ నడిపే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని చెప్పి, హారన్ కోసం చెయ్యి చాపమంటాను. చెయ్యి ఎక్కడ పడితే అక్కడ హారన్. తర్వాత పడవ అడుగున చేరే నీళ్ళు తోడే పంపు స్విచ్. ఈ రెండూ వెతుక్కోకుండా దొరకాలి. మిగతావన్నీ కంటి పని, వాటికి తొందర లేదు.

ఈసారి ఆ కుర్చీలో కూర్చున్నది పడవ డ్రైవరు కాదు, మా అమ్మ. కోవిల్‌పట్టి పక్కన అరవదేశపు నల్లరేగడి పల్లె మాది, సముద్రం బస్సులో రెండు గంటల దూరం. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన అట్టలు కోసి, అసలు బోర్డు ఎంత ఉంటుందో అంత కొలతలో వాకిట్లో నిలబెట్టాను. చక్రానికి బదులు జల్లెడ. కంపాస్‌కు బదులు బోర్లించిన ఇత్తడి చెంబు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూసి నవ్వుకుని పోయారు.

అంత శ్రద్ధ ఎందుకంటే, ఆ బోర్డుతో నేను ఒక మనిషిని కొట్టదలుచుకున్నాను.

ఆయన విరుదునగరంలో మోటార్లకు, నూనె మిల్లులకు కంట్రోల్ బోర్డులు చేసే వర్క్‌షాప్ మొదలాళి, అంటే యజమాని. మావాళ్ళే, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే, అందుకని మామా అని పిలిచేదాన్ని. ఆయన దగ్గర పదకొండేళ్ళు వైరింగ్ చేశాను. తూత్తుకుడి నుంచి మొదటిసారి పడవ పని వచ్చినప్పుడు బోర్డు గీసింది నేను, తీగలు లాగింది నేను. వైర్‌లెస్ సెట్టు స్పీకర్‌ను కుడి చివర, కంపాస్‌కు దూరంగా గీశాను. స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది, పక్కన పెడితే కంపాస్ చెడుతుంది. ఆయన మాత్రం కంపాస్ పక్కన రంధ్రం ముందే కోసి ఉంది కదా అని స్పీకర్ తెచ్చి అక్కడ బిగించాడు. వద్దు మామా అన్నాను. సముద్రం నువ్వెప్పుడు చూసినావు అన్నాడు.

ఆ పడవ ఒకసారి వానలో తిరిగొస్తుంటే వల తాడు తగిలి జీపీఎస్ ఏరియల్ విరిగింది. డ్రైవరు కంపాస్‌ను నమ్ముకుని వచ్చాడు. రేవు కనిపించాల్సిన చోట ఖాళీ నీళ్ళు. గట్టు దొరికేసరికి ఐసు కరిగిపోయి చేపలన్నీ పాడయ్యాయి. ప్రాణాలు పోలేదు, అదొక్కటే అదృష్టం. డ్రైవరు వర్క్‌షాప్‌కు వచ్చి అడిగితే మొదలాళి పనివాళ్ళందరి ముందు నన్ను నిలబెట్టి, ఆడదాని చేతికి పడవ ఇస్తే ఇంతే, రేపటి నుంచి రావద్దు అన్నాడు. ఇంట్లో మాటగా తెలుగులో తిట్టి ఉంటే సహించేదాన్నేమో. అక్కడున్న ప్రతివాడికీ అర్థం కావాలని అరవంలో తిట్టాడు.

మూడేళ్ళు అది నా కడుపులో రగులుతూనే ఉంది. కోవిల్‌పట్టి చుట్టుపక్కల బోరు మోటార్లకు స్టార్టర్లు బిగించుకుని బతికాను. బిగించే ప్రతి స్క్రూ ఆయన గొంతుకు బిగిస్తున్నట్టే ఉండేది. ఆయనకు చెప్పాల్సిన మాటలు అరవంలోనే, వరసగా, తప్పు పోకుండా బట్టీ పట్టాను. బస్సులో పెదవులు కదిలిస్తుంటే పక్కనున్నవాళ్ళు జపమనుకునేవాళ్ళు.

అట్లా ఉండగా ఆ డ్రైవరే నన్ను వెతుక్కుంటూ మా ఊరికి వచ్చాడు. పడవ అతని సొంతం. కంపాస్ తప్పు తప్పుగానే ఉండిపోయిందట, జీపీఎస్‌తో నెట్టుకొస్తున్నాడు. ఇప్పుడు పెద్ద తెరలు పెట్టించుకుంటూ బోర్డు మొత్తం మార్చాలనుకున్నాడు. నా దగ్గరికే ఎందుకొచ్చావన్నా అని అడిగాను. “నా చెయ్యి ఎక్కడ పడుతుందో అడిగింది నువ్వొక్కదానివే అక్కా” అన్నాడు అరవంలో. ఒప్పుకున్నాను. ఒక షరతు పెట్టాను. పాత బోర్డు విప్పే రోజు ఆ మొదలాళి పడవలో ఉండాలి. అది కుదురుతుంది, కొత్త తెరలు ఆయన దగ్గరే కొంటున్నాను అన్నాడు.

అదీ మా అమ్మ జల్లెడ పట్టుకుని కూర్చోవడానికి కారణం.

“సముద్రం యాడ, మనం యాడ? ఇది పట్టుకోని ఇంకా ఎంతసేపు కూసోనుండాల?” అంది అమ్మ.

“కొంచం సేపు కూసోమ్మా. ఎదురుగ్గా ఏం కనపడతాది?”

“వేపచెట్టు కనపడతాది. నీకైతే దాని కింద మీ మామ గూడా కనపడతాడు.”

నేను నవ్వలేదు. చేపలు చూపే తెర ఎడమ పక్కన, మ్యాప్ తెర కుడి పక్కన పెట్టాలని ఉంది నాకు. రెండూ ఎత్తులో పెడితే ముందున్న అద్దం కప్పుకుపోతుంది. అమ్మను అడిగాను.

“మడక దున్నేవాడు కర్రును చూస్తా పోతాడా? చేని చివర చూస్తాడు. ఈ బొమ్మలన్నీ కిందికి దించు” అంది. దించాను. ఇంజిన్ వేడి, ఆయిల్ మీటర్లు ఇంకా కిందికి పోయాయి. అవి ఊరికే చూసేవి కావు, ఎర్ర దీపం వెలిగితే చూసేవి. బోర్డు వెనక తీగలు ఇమిడేంత చోటు, చెయ్యి దూరేంత సందు వదిలాను. ఉప్పునీటి చుక్క తీగ పట్టుకుని స్విచ్‌లోకి పోకుండా ప్రతి తీగా కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కేలా గీశాను. ప్రతి తీగ కొసకూ నంబరు ఉంగరం. కంపాస్ మటుకు చక్రానికి సరిగ్గా ఎదురుగా, నడిమధ్యన. దాని చుట్టూ మూరెడు దూరం ఇనుము లేదు, స్పీకర్ లేదు, స్క్రూలు కూడా ఇత్తడివే. దాని దీపానికి పోయే రెండు తీగలను జడలా పురిపెట్టాలి. విడివిడిగా పోతే వాటిలో కరెంటు కూడా కంపాస్‌ను లాగుతుంది.

“అంతా సరే. దిష్టికి ఏమన్నా పెట్టినావా?” అంది అమ్మ. గడప చెక్కకు మా పాత ఎద్దుల లాడాలు కొట్టి ఉంటాయి, ఆవిడ చూపు అటు పోయింది.

“కరెంటుకు దిష్టి తగలదు. కదలకుండా కూసో” అన్నాను. పగ పట్టినవాళ్ళకు చెవులు పనిచెయ్యవు.

తూత్తుకుడి రేవులో ఆ రోజు చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, పనిముట్ల సంచీతో పడవ ఎక్కాను. మొదలాళి వచ్చాడు. జుట్టు నెరిసింది, మెట్టు ఎక్కడానికి డ్రైవరు చెయ్యి అందుకోవలసి వచ్చింది. నాకు జాలి వెయ్యలేదు. ఉన్నమాట చెప్పాలంటే సంతోషమేసింది.

పడవ కంపాస్‌లో ముల్లు కనిపించదు, అంకెలూ గీతలూ ఉన్న బిళ్ళ తిరుగుతుంది. డ్రైవరు చేతి కంపాస్‌ను గట్టు మీద పెట్టి చూశాం. పడవలోదానికీ దానికీ పదకొండు గీతల తేడా. అప్పుడు మూడేళ్ళు బట్టీ పట్టినదంతా చెప్పాను. నేను ఎక్కడ గీశానో, ఈయన ఎక్కడ బిగించాడో, సముద్రం చూడనిది ఎవరో, ఎవరి చేతికి పడవ ఇవ్వకూడదో. ఒక్క మాట పొల్లుపోలేదు. ఆయన గుమ్మం పట్టుకుని తల వంచుకున్నాడు. ఇదిగో చూడండి అని స్పీకర్ విప్పి డ్రైవరు చేతికిచ్చి, దూరంగా గట్టు మీద పెట్టి రమ్మన్నాను.

బిళ్ళ రెండు గీతలు తిరిగి ఆగిపోయింది.

అద్దం మీద వేలితో కొట్టాను. కదల్లేదు. మిగిలిన తొమ్మిది గీతలు ఎక్కడివి? దీపం తీగ విడిపోయిందేమోనని బోర్డు వెనక సందులో చెయ్యి పెట్టాను. తీగల పురి బాగానే ఉంది. దాని కింద, సరిగ్గా కంపాస్ అడుగున, గుడ్డ మూట ఒకటి వేళ్ళకు తగిలింది. ముడి విప్పకముందే అదేమిటో తెలిసింది.

పసుపు గుడ్డలో చుట్టిన ఎద్దు లాడం. ఆ ఏడు ఆయుధపూజ నాడు, మొదటి పడవ పని కదా, దిష్టి తగలకూడదని అమ్మ గడప నుంచి ఊడదీసి ఇచ్చింది. ఎవరూ చూడకుండా నేనే పెట్టి కట్టి, మరిచేపోయాను. బండికీ గడపకూ ఇనుము కట్టే ఇంట్లో పుట్టినదాన్ని, కంపాస్ కూడా గడపలాంటిదే అనుకున్నట్టున్నాను. స్పీకర్ వద్దని ఆయనతో వాదించిన వారంలోనే ఈ పని చేశాను. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు.

డ్రైవరు అడుగుల చప్పుడైంది. లాడం లాగి నడుము దగ్గర చీరలో దోపి, పైన చొక్కా దించి వెనక్కి జరిగాను. బిళ్ళ మెల్లగా తిరిగి సరిగ్గా నిలబడింది. అతను లోపలికి వచ్చి చూసి, “అయితే అంతా ఈ స్పీకర్ పనేనా” అని మొదలాళి వైపు తిరిగాడు. మూడేళ్ళుగా నేను కోరుకున్న చూపు అదే. ఆ క్షణాన నేను నోరు మెదపలేదు. మెదపకూడదనే అనుకున్నాను.

గీతలు చూపిద్దామని బోర్డు మీదికి వంగాను. నడుము అంచుకు ఆనింది. బిళ్ళ గిర్రున నా వైపు తిరిగింది.

“మళ్ళీ తప్పిందే” అన్నాడు డ్రైవరు. వెనక్కి జరిగాను, అది సర్దుకుంది. అతను అద్దం తుడిచి, వంగి, అడుగున చూడసాగాడు.

మొదలాళి నా వైపే చూస్తున్నాడు. చొక్కా కింద పసుపు గుడ్డ కొస కనబడుతోంది. దగ్గరికి వచ్చి, తెలుగులో, గొంతు తగ్గించి అన్నాడు. “అమ్మాయీ, దాన్ని మెల్లంగా సంచిలో ఏసుకో. వానికి తెలియాల్సిన పని లేదు. స్పీకర్‌దే తప్పని నేను ఒప్పుకుంటా. ఇంటి మాట ఇంట్లోనే ఉండనీ.”

నన్ను తిట్టడానికి అరవం దొరికింది, కాపాడడానికి తెలుగు గుర్తుకొచ్చింది. ఆ దయ తీసుకుంటే చచ్చేదాకా ఆయన్ను తలెత్తి తిట్టుకోవడానికి ఉండదు. మంచితనంతో చేశానని చెప్పను. నా కోపం అప్పటికీ ఒక్క గీత తగ్గలేదు.

గుడ్డ విప్పి లాడం తీసి కంపాస్ ముందు పెట్టాను. బిళ్ళ ఎగిరి పడ్డట్టు తిరిగింది.

“రెండు గీతలు ఈయనవి, తొమ్మిది నావి. ఇది పెట్టింది నేనే అన్నా” అని అరవంలో, గట్టున ఉన్నవాళ్ళకు కూడా వినబడేంత గట్టిగా చెప్పాను.