బావ మడవ తిప్పిన రోజు

దయ్యం అనే మాట వింటేనే నాకు చిరాకు. హిందూపురంలో ఇళ్లకు నెట్ బాగుచేసే పని నాది. లైను ఆగినప్పుడల్లా "ఇంట్లో ఏదో ఉండాదప్పా" అనేవాళ్లను చాలామందిని చూశాను. ఉండేది ఎప్పుడూ వదులైన వైరో, ఎలుక కొరికిన కేబులో. ఇది రాస్తున్నది కూడా నమ్మి కాదు, లోపల పెట్టుకోలేక.

మా అక్క వాళ్లది ధర్మవరం. బావ కంప్యూటర్ మీద పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. అంతకుముందు కదిరి వైపు తలుపుల అనే ఊళ్లో సేద్యం. అన్నదమ్ములందరికీ కలిపి ఒకటే బోరు. ఒకరి వంతు అయ్యాక కాలువ నీళ్లను పక్క చేనికి మళ్లించి, "మడవ తిప్పినా" అని గట్టిగా కేక వేయాలి. ఆ కేక వినపడేదాకా పక్క చేనివాళ్లు పార పట్టుకుని కూర్చునేవాళ్లు.

సేద్యం వదిలినా బావకు ఆ అలవాటు పోలేదు. ఆయన పెద్ద ఫైలు దించుకుంటుంటే నా మేనకోడలు మౌనిక ఫోన్లో ఒక్క పేజీ తెరుచుకునేది కాదు. ఆ పిల్ల గోల పెడితే డౌన్‌లోడు ఆపి, "మడవ తిప్పినా, వాడుకో పాపా" అని కేక వేసేవాడు. రెండు గదుల ఇంటికి అంత కేకెందుకని మేము నవ్వేవాళ్లం.

పోయిన ఎండాకాలం బావ గుండెపోటుతో పోయాడు.

ఇక ఇల్లు గడవాలంటే మౌనికకు ఉద్యోగం రావాలి. ఒక కంపెనీ నుంచి ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. బావ ఫైళ్లు దాచుకున్న ఆన్‌లైన్ ఖాతా కూడా డబ్బు కట్టక అదే రోజుతో మూతపడుతుంది. అందులో ఆయన తీసిన వీడియోలు ఉన్నాయి. ఆయన గొంతు మాకు ఇంకెక్కడా మిగల్లేదు. వాటిలోనైనా ఉంటుందని అక్క ఆశ.

రెండూ జరగాలని నేను ముందురోజే వెళ్లాను. ఒక్క డౌన్‌లోడే లైనంతా మింగేస్తే మిగతావన్నీ దాని వెనక పడిగాపులు కాస్తాయి. అందుకే రౌటర్‌లో దాని వేగానికి హద్దు పెట్టాను. నడిపి చూస్తే ఏ ఇబ్బందీ లేదు.

మర్నాడు పొద్దున కరెంటు పోయి వచ్చింది. పాత రౌటర్, నేను పెట్టిన హద్దు మర్చిపోయింది. ఆ సంగతి నేను చూసుకోలేదు. మధ్యాహ్నం ఇంటర్వ్యూ మొదలైన కాసేపటికే లోపలి గదిలోంచి మౌనిక గొంతు వినిపించింది. "సార్, వినపడతాందా? సార్..." ఏడుపు ఒక్కటే తక్కువ.

హాల్లో బావ కంప్యూటర్ ముందు, దిగుతున్న వీడియోలకు కాపలాగా అక్క కూర్చుని ఉంది. డౌన్‌లోడు ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపితే మళ్లా మొదటికొస్తాదేమోరా. ఈ పొద్దు దాటితే ఆయన నాకు యాడ దొరుకుతాడు?"

"పాప బతుకు చూడక్కా" అన్నాను.

అక్క చెయ్యి తీసేసింది. నేనింకా మౌస్ ముట్టలేదు. అక్కా ముట్టలేదు. మా ఇద్దరి కళ్ల ముందే డౌన్‌లోడు ఆగింది. ఎవరో ఆపితే పడే గుర్తు పడింది. లోపల మౌనిక మాట సాఫీగా సాగింది. ఇంటర్వ్యూ అయ్యేదాకా మేమిద్దరం ఆ గుర్తునే చూస్తూ ఉన్నాం. ఆ పిల్ల తలుపు తీసుకుని బయటికి రాగానే డౌన్‌లోడు దానంతటదే మళ్లీ కదిలింది.

సర్వర్ ఆగి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. సర్వర్ ఆగితే పడే గుర్తు వేరని నాకు తెలుసు.

మౌనిక ముఖం పాలిపోయి ఉంది. "మామా, నడమ కేకేసింది నువ్వేనా?" అని అడిగింది. ఎవరూ వేయలేదన్నాను. తనకూ ఏమీ వినపడలేదట. అవతల ప్రశ్నలడిగే ఆయన మాత్రం నవ్వి, "మీ ఇంట్లో ఎవరో మడవ తిప్పినా అంటున్నారు. మాదీ కదిరి వైపే, ఆ మాట విని ఎన్నాళ్లయిందో. మీ నాన్నగారా?" అన్నాడట.

"నువ్వేం చెప్తివే?" అని అక్క అడిగింది.

"అవును సార్ అంటి."

ఉద్యోగం వచ్చింది. వీడియోలూ దిగాయి. అన్నిట్లో మగ్గాలు, చీరలు, పోగుల మధ్య అటూ ఇటూ ఉరికే నాడె చప్పుడు. తీసేవాడు తనే కదా, బావ ఒక్కదాంట్లోనూ నోరు విప్పలేదు. అక్క అన్నీ చివరిదాకా చూసి నా వైపు తిరిగింది.

"యాడో ఉండే ఆయప్పకి వినపడ్యా. ఈడనే కూచోనుంటి గదరా, నాకెందుకు వినపళ్లేదు?"

 

ఇప్పుడు అక్క సాయంత్రం పూట కావాలనే ఏదో ఒక పెద్ద ఫైలు పెట్టి ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఇంట్లో నెట్ నత్తనడక. మౌనిక గోల పెట్టదు. నేను ఎప్పుడు వెళ్లినా ఆ రౌటర్ జోలికి పోను.