‘నక్కో’ అన్నందుకు

ఆపా పోయిందని మా బడి ఆయమ్మ ఫోన్ చేసి చెప్పింది. "మేడమ్, మన ఆపా లేదంట మేడమ్. ఎర్రగొండపాలెం బస్టాండులో బస్సు దిగతా దిగతానే కూలబడిపోయిందంట," అని ఏడ్చింది. డాక్టర్లు గుండె అన్నారు. నేను మాత్రం బస్సు అంటాను. ఆమెను ఆ బస్సు ఎక్కించిన మనిషి పేరు చెప్పమంటే చెబుతాను కూడా, కానీ ఆపా ఒప్పుకోదు కాబట్టి ఊరుకుంటున్నాను. పోయినవాళ్ళను తలచుకునేటప్పుడు నెమ్మదిగా మాట్లాడాలంటారు. నాకు కడుపు మండుతోంది, నెమ్మది నావల్ల కాదు.

మార్కాపురంలో మేమిద్దరం పనిచేసిన ప్రైమరీ స్కూల్లో ఆపా ఒకటో తరగతి టీచరు. పిల్లలకూ, వాళ్ళ తల్లులకూ, మాకూ, అందరికీ ఆపాయే, అంటే అక్కే. నేను గిద్దలూరు పక్క రైతుల ఇంటి పిల్లని. కొత్తగా ఉద్యోగంలో చేరి ఆమె పక్క గదిలో పడ్డాను. మా బడి పిల్లల్లో సగం మంది ఇళ్ళల్లో మా ఊరి ఉర్దూ తప్ప ఇంకో మాట వినబడదు. మిగతా సగానికి తెలుగు తప్ప రాదు. జూన్‌లో వాళ్ళను ఒకే చాప మీద కూర్చోబెడితే ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడ్చేవాళ్ళు.

ఆపా ఎప్పుడూ కుర్చీలో కూర్చోలేదు. చాప మీదే కూర్చునేది. లేచేటప్పుడు మోకాళ్ళు టక్కుమనేవి, పిల్లలు "ఒకటి, రెండు" అని లెక్కపెట్టేవాళ్ళు. ఉర్దూ ఆమె సొంత భాషే అయినా పాఠంలో ఒక్క మాటకూ ఉర్దూ అర్థం చెప్పేది కాదు. పలకల కట్ట ఒకటి ఎత్తబోయి "అబ్బా, బరువు!" అని నడుం పట్టుకునేది. ప్రతి పిల్లా వచ్చి ఆ కట్ట ఎత్తి, నడుం పట్టుకుని, "బరువు" అనాల్సిందే. దసరా సెలవులొచ్చేసరికి ఉర్దూ ఇళ్ళ పిల్లలు బలపం ముక్క కోసం తెలుగులో తిట్టుకునేవాళ్ళు. నేను పరిగెత్తి విడదీయబోతే ఆపా చెయ్యి పట్టి ఆపేది. "ఉండు పిల్లా, కొట్లాడుకోనీ. తెలుగులో కొట్లాడినారంటే నా పని అయిపోయినట్లే."

నాకు పని నేర్పింది ఆమే. "పిల్లోడు నోరు తెరిచేదాకా నువ్వు తెరువు. వాడు తెరిచినాక నువ్వు మూసుకో," అనేది. శిక్షణ కళాశాలలో నేను రాసుకున్న నోటు పుస్తకాలన్నీ ఈ ఒక్క మాట ముందు దండగ.

అట్లాంటి మనిషికి ఆ పని వస్తుందో రాదో తేల్చడానికి పరీక్ష పెట్టారు. కొన్ని సర్కారు బడుల్లో ప్రార్థన నుంచి ఇంటిగంట దాకా ఇంగ్లీషులోనే నడపాలన్నారు. పిల్లలను భాషలో ముంచేస్తే భాష దానంతటదే వస్తుందట. మా బడి కూడా ఆ జాబితాలో పడింది. ఆ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్న టీచర్లే అక్కడ ఉండాలి, లేనివాళ్ళకు బదిలీ. ఐదు రోజుల శిక్షణలో ఒక పెద్దసారు తెర మీద బొమ్మలేసి, పిల్లలను ఎట్లా ముంచాలో చెబుతుంటే, ఆపా నా డొక్కలో పొడిచి, "ముంచేది సరే, తేల్చేది ఎవురంట?" అంది. నేను నవ్వాపుకోలేక దగ్గాను. ఆ పెద్దసారు మా వైపే చూశాడు.

పరీక్ష రోజు వచ్చింది కూడా ఆయనే. నలభై నిమిషాలు పాఠం చెప్పాలి, ఇంగ్లీషు తప్ప వేరే భాష ఒక్క మాట దొర్లినా ఫెయిల్. ఆపా తన పద్ధతిలోనే చెప్పింది. పలకలు ఎత్తించింది, దింపించింది, గెంతించింది, పిల్లలు ఇంగ్లీషులో కేకలు పెట్టారు. ఇంకో రెండు నిమిషాల్లో గంట కొడతారనగా, ముందు వరసలో ఒక పిల్ల పగిలిన పలక పెచ్చు తీసి నోట్లో పెట్టుకోబోయింది. కత్తిలాగుంది ఆ పెచ్చు. "నక్కో బేటీ, నక్కో!" అని ఆపా ఒక్క దూకు దూకి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. నక్కో అంటే మా ఊరి ఉర్దూలో వద్దు అని. ఈ ఊళ్ళో ఏ భాషవాళ్ళకైనా తెలిసిన మాటే.

పెద్దసారు నన్ను వరండాలోకి పిలిచి కాగితం మీద రాశాడు: పాఠం మధ్యలో మాతృభాషలోకి జారినారు, అర్హత లేదు.

"పిల్ల నోరు కోసుకుపోయేది సార్," అన్నాను.

"ఎమోషనల్‌గా చూడొద్దు మేడమ్. రూలు రూలే. చూసిన తోటి టీచరు కూడా సంతకం చెయ్యాల, చెయ్యండి," అని కాగితం నా ముందుకు తోశాడు. "తర్వాత మీ పాఠమే కదా?"

పెట్టాను. అవును, నేనే పెట్టాను. సంతకం చక్కగానే పడింది. ఆ తర్వాత నా పాఠం, నా సర్టిఫికెట్, ఇంటికెళ్ళాక నా ఏడుపు. ఆపాకు చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

ఆమెను పుల్లలచెరువు మండలంలో అడివి పక్క బడికి వేశారు. రెండు బస్సులు, ఆపైన ఆటో. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో. అయినా ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. "ఈడ పిల్లోళ్ళు బంగారు పిల్లా. అడివి సంగతులన్నీ నాకే నేర్పిస్తాండారు," అని మురిసిపోయేది. ఒక్కసారీ ఆ పెద్దసారును తిట్టలేదు. ఆమె తిట్టలేదనే నా కసి రెండింతలయింది.

ఇక సంతాప సభ సంగతి. టీచర్ల సంఘం హాల్లో ఆపా ఫొటో పెట్టాం. పెద్దసారు వచ్చాడు, ఇప్పుడాయన ఇంకా పెద్దసారు. మూరెడు దండ వేసి, మైకు పట్టుకుని, "మన ఇంగ్లీషు కార్యక్రమానికి ఆ తల్లి వెన్నెముక," అన్నాడు. అర్హత లేదన్న నోటితోనే పొగడ్త! ఉప్పూకారం తినే మనిషిని, ఎట్లా కూర్చుంటాను?

లేచాను. "సార్, ఆపా గురించి ఇంగ్లీషులో చెప్పండి. నలభై నిమిషాలు వద్దులెండి, పది చాలు. మధ్యలో తెలుగు ముక్క రాకూడదు. ఇంతమంది టీచర్లం ఉన్నాం, మార్కులు మేం వేస్తాం."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తప్పించుకోలేక మొదలుపెట్టాడు. నాలుగైదు వాక్యాలు బాగానే పోయాయి, వల్లించినవే. ఆపా ఏం చేసేదో చెప్పాల్సి వచ్చేసరికి బండి ఆగింది, ఆ పూట తప్పు మాట కోసం తప్ప ఆయన పాఠం చూసింది లేదు కదా. కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి. చొక్కా వీపుకు అంటుకుంది. గొంతు పొలమారి దగ్గు అందుకుంది.

"నీళ్ళు... కాసిన్ని నీళ్ళు ఇయ్యమ్మా," అన్నాడు నా వైపు చెయ్యి చాపి. నీళ్ళ సీసా నా చేతిలోనే ఉంది.

"పాఠం మధ్యలో మాతృభాషలోకి జారినారు సార్. ఇంగ్లీషులో అడగండి," అన్నాను.

అబద్ధమెందుకు, ఆ క్షణం అమృతం తాగినట్లుంది నాకు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా దగ్గుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆపా కూతురు ముందు వరసలోంచి లేచి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయనకు తాగించింది. నేను సంతకం చేసిన రోజు నాకిచ్చిన ఆపా పరీక్ష కాగితం నకలు సంచిలోంచి తీసి అందరికీ వినబడేలా చదివాను. ఆయన రాసింది చదివాను, ఆయన పేరు చదివాను. కింద ఉన్న నా పేరూ చదివాను. అది చదవకపోతే నేనూ ఆయనా ఒకటే అవుతాం.

ఆపా కూతురు మొహం చూడలేక తల దించుకున్నాను. ఆమే నా దగ్గరికి వచ్చింది.

"అమ్మీకి తెలుసక్కా. ఆఫీసు రూములో కాగితం మీద నీ సంతకం చూసి, ఆ పొద్దే ఇంటికొచ్చి చెప్పింది."

"తెలిసీ ప్రతి ఆదివారం ఫోన్ చేసిందా? ఒక్క మాటన్నా అడగలేదేంది?"

"అడగమని నేనే కొట్లాడినా. ‘అది కొత్త పిల్ల, భయపడింది. భయపడిన పిల్లను దగ్గరికి తీస్తారు గానీ, ఎందుకు భయపడినావని నిలదీస్తారా?’ అనింది."

పెద్దసారును నేను క్షమించలేదు. ఈ రోజుకీ క్షమించలేదు, రేపు కూడా కుదరదు. ఆ పూట ఆయన గ్లాసు కింద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. జనం లేచారు, కుర్చీలు మడిచారు. నేను ఆపా ఫొటో ముందు నిలబడి ఉన్నాను. నా చేతిలో సీసా నిండా నీళ్ళు, మూత కూడా తియ్యలేదు.