జాకీకి కుదురు

జర్మనీ యుద్ధం అయిపోయిన కొన్నేళ్లకు మా ఆయన ఒక పాత మోటారు కారు కొన్నారు. కొండ మీద చింతపండు, కరక్కాయ కొని కింద సాలూరులో అమ్మే వ్యాపారం మాది. కారుంటే నాటుబండి కంటే బేగి దిగొచ్చని ఆయన లెక్క. దిగడం నిజమే. ఎక్కడమే ఎప్పుడూ అనుమానం. ఒకనాడు చక్రంలో గాలి పోతే, మరునాడు బరువు మోసే కమానుపట్టీ విరిగేది. ఎద్దయితే గడ్డి వేస్తే ఊరుకుంటుంది. దీనికి మా ఆయన రోజూ కిందకు దూరి సేవ చెయ్యాలి.

కారును పైకెత్తే జాకీ మాకు లేదు. అమ్మినవాడు ఇచ్చిందానికి మర అరిగిపోయింది. కారు కంటే ముందు అదే కూర్చునేది. అందుకని మా వాకిటి ముందు జరిగే సంతకు వచ్చిన ఇద్దరు ముగ్గురు కొండవాళ్లు దుంగతో ఎత్తిపట్టేవారు, మా ఆయన ఇరుసు కింద రాళ్లు పేర్చి కిందకు దూరేవారు. కొత్త జాకీ కొందామని ఆయన అన్నప్పుడల్లా, "కొండంతా రాళ్లే కదండీ, ఇనుము కొనడమెందుకు?" అనేదాన్ని.

ఒక సంతనాడు, ముందురోజు వాన పడి నేల నానింది. చక్రం ఊడదీసి ఆయన కింద పడుకున్నారు. నేను వాకిట్లో విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు బేరం చేస్తున్నాను. రాయి జారింది. కారు ధబ్బున కూలబడింది.

పరుగెత్తి చూద్దును కదా, మనిషి పక్కకు దొర్లి తప్పించుకున్నారు గానీ పంచె చెంగు ఇనుము కింద ఇరుక్కుపోయింది.

"సూత్తావేటే, కత్తి తే! బేగి కొయ్యి!" అని అరిచారు.

పంచె వైపు చూశాను. పండక్కి కొన్నది, ఇంకా రెండు ఉతుకులైనా పడలేదు.

"కత్తెందుకండీ? మొల దగ్గర ముడి ఇప్పుకోండి, వచ్చేత్తారు."

"సంతలోనా?"

"పేణం ఉంటే మానం మళ్లీ కట్టుకోవచ్చు. రండి."

గోచీతో బయటికి వచ్చారు. అడ్డాకులు తెచ్చిన ముసలమ్మ కట్ట అడ్డం పెట్టుకుని నవ్వింది. సంతంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. కొండవాళ్లు దుంగతో కారు ఎత్తి చక్రం తగిలించాక, పంచె విదిలించుకుని లోపలికి వెళ్లాను. కుండలో నీళ్లు ముంచుకుని తాగబోతే చెంబు నా పళ్లకు కొట్టుకుని టకటకమంది.

బయటికి వచ్చి చెప్పాను: "రేపే సాలూరు. జాకీ కొంటాం. నేనే ఏరతాను."

"నీకేటి తెలుసే జాకీ గురించి?"

"మీకు తెలిసిందేటో ఇందాకా సూసాం కదా."

సాలూరు ఇనుప సామాన్ల కొట్టువాడు రెండు జాకీలు ముందు పెట్టాడు. ఒకటి ఎర్రరంగు వేసుకుని పెళ్లికూతురులా ఉంది. రెండోది నల్లగా, పొడుగ్గా, మోటుగా ఉంది. మా ఆయన చెయ్యి ఎర్రదాని మీదికి పోయింది. నేను దాన్ని లాక్కుని, మొలలో ఉన్న తాళంచెవి తీసి, కుండను తట్టినట్టు తట్టాను. దప్పుమంది.

కొట్టువాడు నవ్వాడు. "అమ్మా, ఇది నీళ్లకుండ కాదమ్మా, తట్టి సూడ్డానికి."

"పగిలింది ఏదైనా అలాగే పలుకుతాది నాయనా."

"రంగు మందంగా ఉందమ్మా, అందుకే ఆ సప్పుడు."

"రంగు అంత మందంగా ఎందుకేసారు మరి?"

వాడు ఈ ఎర్రవి ఎంతమంది పట్టుకెళ్లారో చెప్పడం మొదలెట్టాడు. అదంతా విని, "సరే, మీ కొట్టు ముందరే మా కారు ఎత్తుదాం. దాని కింద నువ్వు కాసేపు పడుకో. నువ్వు లేచాక కొంటాను" అన్నాను.

"నేనెందుకమ్మా? నాకు పిల్లలున్నారు."

"మాకు లేరేటి? నువ్వు అమ్మేది ఇనుము. నేను దాని మీద నిలబెట్టేది నా పసుపుకుంకాలు."

మా ఆయన చూరు వైపు చూస్తూ నిలబడ్డారు. కొట్టువాడు తల గోక్కుని ఎర్రదాన్ని వెనక్కి నెట్టేశాడు. నల్లదాన్ని తట్టాను. ఖంగుమంది. మరను కింది నుంచి పై వరకూ తిప్పించాను. ఎక్కడా వదులు లేదు, పట్టేయనూ లేదు. దాని కింది పీట వెడల్పుగా, కదలకుండా కూర్చుంది. కారు కింద పెట్టి చక్రం నేల వదిలేదాకా ఎత్తించాను. ఎత్తి ఉంచి, కొట్టువాడు భోజనం చేసి వచ్చేదాకా అలాగే ఉంచాను. పిసరు దిగలేదు. అప్పుడు బేరం చేశాను. ఆ బేరం ఎలా సాగిందో ఇక్కడ రాయను, వాడి పిల్లలు చదివితే బాధపడతారు.

ఇంటికి వచ్చాక సంతంతా చూసేలా జాకీని వాకిట్లో పెట్టాను. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ దానికి దండం కూడా పెట్టారు, కొత్త అమ్మవారనుకున్నారో ఏమో.

పై సంతనాటికి చక్రంలో మేకు గుచ్చుకుని గాలి పూర్తిగా పోయింది. నేను దర్జాగా జాకీ మోయించుకుని వచ్చాను. మా ఆయన దాన్ని ఇరుసు కిందకు తోశారు. దూరలేదు. అడ్డంగా తిప్పి తోశారు. దూరలేదు. మరను అడుగంటా దింపినా జాకీ నెత్తి ఇరుసుకు తగిలింది. గాలి ఉన్నప్పుడు సరిపోయిన ఎత్తు, గాలి పోయి కారు కుంగేసరికి ఎక్కువైంది.

ఆయన లేచి నడుం మీద చేతులు పెట్టుకున్నారు. ఆ ఒక్క మాట కోసం ఎన్నాళ్లు కాచుకున్నారో!

"తట్టి సూసావు, తిప్పి సూసావు, కొట్టువోణ్ణి పడుకోమన్నావు. ఎత్తు సూసావేటే?"

ఆయన రాళ్ల కోసం చుట్టూ వెతకడం మొదలుపెట్టేసరికి వెళ్లి అడ్డం నిలబడ్డాను.

"రాళ్లు ముట్టుకుంటే ఊరుకోను" అన్నాను.

"మరి దీన్నేటి సెయ్యమంటావు? తల నరకమంటావా?"

అడ్డాకుల ముసలమ్మ కట్ట దించి జాకీని ఎగాదిగా చూసింది. "సావుకారమ్మా, కుండ పొడుగైతే కుదురు లోతుగా తవ్వుకుంటాం. కుండ నెత్తి కోత్తామేటి?"

కుండను తట్టి ఏరడం తెలుసునని విర్రవీగినదాన్ని, కుండ కింద కుదురుంటుందన్న సంగతి మరిచాను. గునపం తెచ్చి ఇరుసు కింద నేనే గొయ్యి తవ్వాను. తవ్విన మట్టి మెత్తగా ఉంది. జాకీ దిగబడితే రాయి జారినట్టే. అడుగున గట్టిగా పరవడానికి ఏదైనా కావాలి. వాకిట్లో బల్లపరుపుగా ఉన్న రాయి ఒక్కటే ఉంది. మా అమ్మ ఇచ్చిన సన్నికల్లు.

"పచ్చడి దేంతో నూరతావే?" అన్నారు ఆయన.

"పచ్చడి తినడానికి ముందు మీరుండాలి కదా."

గోతిలో సన్నికల్లు పరిచి జాకీని నిలబెట్టాం. మర తిప్పుతుంటే కారు మెల్లగా లేచింది. నేను రెండు చేతులతో కారును నెట్టి చూశాను. ఊగలేదు. ఆయన దూరబోయారు.

"ఆగండి. పంచె."

"ఏటే, మళ్లీ సంతలోనా?"

"సంతలోనే. సూసినోళ్లే సూత్తారు."

గొణుక్కుంటూ పంచె విప్పి నా చేతికిచ్చారు. ఆయన పాదాలు బయటికి కనిపిస్తున్నంతసేపూ నేను గడప మీద కదలకుండా కూర్చున్నాను. చక్రం బిగించి మనిషి పూర్తిగా బయటికి వచ్చాకే పంచె ఇచ్చాను.

తరువాత ఎన్నేళ్లయినా ఆ జాకీ ఒక్కసారి కూడా జారలేదు. సన్నికల్లు మాత్రం ఎంత తోమినా గ్రీజు వాసన వదలలేదు; కొత్తది కొనడం దండగని ఆ పచ్చడే తిన్నాం. ఇక మా వాకిట్లో కారు తలుపు మీద పంచె వేలాడుతూ ఉంటే, సంతకు వచ్చినవాళ్లు ఆయన్ని వెతికేవారు కాదు. కారు ముందు కూర్చుని, కింద కనిపించే పాదాలతోనే చింతపండు బేరం ఆడేవారు.