ముంజల కూరలో ఉప్పు

మొన్న నాయుడుపేటలో కొత్తగా పెట్టిన హోటల్‌కు వెళ్ళాను. మట్టిచట్టిలో చేపల పులుసు తెచ్చి పెట్టారు. మామిడికాయ, మెంతుల వాసన గుప్పుమంది. వడ్డించినాయన "ఎట్లుంది సార్?" అని అడిగేసరికి నోట్లో ముద్ద ఉండగానే బాషా అన్న గుర్తొచ్చాడు.

ఇందుకూరుపేట హైస్కూల్లో తెలుగు మాస్టరుగా చేరిన కొత్తల్లో నేను ఒంటరివాణ్ణి. నా గది ఉన్న సందులోనే బాషా అన్న హోటలు. నాలుగే బల్లలు. వంట ఆయనది, వడ్డన ఆయన భార్య మస్తాన్‌బీ అక్కది. పొద్దున్నే మైపాడు సముద్రం ఒడ్డుకు పోయి దొరికింది తెచ్చి, ఎవరూ వినని వంట ఏదో ఒకటి చేసేవాడు. పీత మాంసం పెట్టి దోసె పోసేవాడు. ఓ వేసవిలో లేత తాటిముంజలు, రొయ్యలు కలిపి కూర వండాడు. ఇదేం పిచ్చి అనుకుంటూనే తిన్నాను. రెండోసారి అడిగి వడ్డించుకున్నాను.

"బాగుందన్నా" అన్నాను.

ఆయన మొహం చిట్లించాడు. "బాగుందని చుట్టాలు కూడా చెప్తారు సార్. ఏం తక్కువైందో చెప్పండి."

ఆలోచించి, పులుపు తక్కువైందన్నాను. మర్నాడు అదే కూరలో చింతచిగురు పడింది. అప్పట్నించీ కొత్త వంట చేస్తే మొదటి గిన్నె నా ముందే. చెయ్యి కడిగేలోపు ఒక లోపమైనా చెప్పాలి. చెప్పకపోతే ఊరుకునేవాడు కాదు.

ఆయనకు కరోనా వచ్చి తగ్గింది గానీ, పోయిన వాసనా రుచీ తిరిగి రాలేదు. నెలలు గడిచాయి. అయినా హోటలు తెరిచాడు. ఆ రోజు ముంజల కూర నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం. బల్ల పక్కనే నిలబడి నా మొహమే చూస్తున్నాడు. ఈ మనిషికి మిగిలిందే ఈ వంట, ఎట్లా చెప్పను?

"బాగుందన్నా."

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు తలుపుకు తాళం. వెనకవైపు ఇంటికి వెళ్తే మస్తాన్‌బీ అక్క ఎదురొచ్చింది. "మీరు బాగుందన్నారంట గదా సార్. అంతే, పొయ్యి ఆర్పేసినాడు. ఇంక వండనంటాడు."

మంచం మీద కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్ళి, ఉప్పు విషమైందనీ, రొయ్య ఎక్కువ ఉడికి గట్టిపడిందనీ చెప్పేశాను.

"నిన్న చెప్పలేదే?"

"బాధపడతావని."

"నా నాలుక పోయిందని నేను ఏడవలా సార్. మీ నాలుక గూడా పోయిందేమో అని నిన్న రాత్రంతా నిద్ర పట్టలా."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ మర్నాటి నుంచి బడికి పోయే ముందు వాళ్ళ వంటింట్లో నిలబడి రుచి చూసేవాణ్ణి. ఇంత ఉప్పు, ఇంకాస్త పులుపు అని నేను చెబితే ఆయన చేతి కొలతతో వేసేవాడు. మూడేళ్ళు అట్లా హోటలు నడిచింది. నిరుడు గుండెపోటుతో పోయాడు. చివరివారం కూడా కొత్త వంట చేశాడు. అందులో అల్లం ఎక్కువైందని పోట్లాడుకున్నాం.

పోయిన వారం తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి తాను రాసిన కథ తెచ్చి చూపించింది. వాళ్ళమ్మ పోయి నెల కూడా కాలేదు. కథ అమ్మ గురించే. చదివాను. కళ్ళు తుడుచుకుని, మూడో పేరా అబద్ధంగా ఉంది, మళ్ళీ రాయమన్నాను. పిల్ల అక్కడే బెంచీ మీద కూర్చుని కలం తీసింది.