చేదు లేని మాత్ర

ఆకు నుంచి మందు తీసే పని బయటివాళ్ళు అనుకున్నంత గొప్పగా ఏమీ ఉండదు. ఆకు కడగాలి, నీడన ఆరబెట్టాలి, పొడి కొట్టాలి, సారం దించాలి, దాన్ని మళ్ళీ ఆరబెట్టాలి. తిరుపతిలో మా పరిశోధనశాలలో ఈ పని చేస్తూనే నా జుట్టు నెరిసింది. సరస్వతి ఆకు, అశ్వగంధ వేరు కలిపి మతిమరుపుకూ నిద్ర పట్టకపోవడానికీ ఒక మందు చేస్తున్నాం. "ఆ ఆకు మా పెరట్లోనే ఉండాదే, దానికి ఇంతమంది జీతాలెందుకు?" అని మా బంధువుల్లో అడగనివాళ్ళు లేరు. మొదట్లో ఓపిగ్గా వివరించేదాన్ని. ఇప్పుడు నవ్వి ఊరుకుంటాను.

నా తొందర వేరే. మా నాయనకు మతి పోతోంది.

నాయన నగరిలో చేమగ్గం నేసినవాడు. అమ్మ పోయాక నా దగ్గరికి తెచ్చుకున్నాను. మొదట కళ్ళద్దాలు మరిచిపోయేవాడు. అది అందరికీ ఉండేదే అనుకున్నాను. తర్వాత అమ్మ పోయిందన్న సంగతే మరిచిపోయి, "మీ అమ్మ ఇంకా రాలేదేమ్మా" అంటూ గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాడు. నిద్రా లేదు. పగలు కుర్చీలో తూగుతాడు, రెప్ప పడీ పడకముందే ఉలిక్కిపడి లేస్తాడు. పెరటి సరస్వతి ఆకు పప్పులో వేసి నేనూ పెట్టాను. పప్పు బాగుందన్నాడు, అంతే.

ఏ రోజు నన్ను కూడా మరిచిపోతాడో అని భయం. మందు పరీక్ష త్వరగా తేలాలని నేను కోరుకున్నది లోకం బాగు కోసం కాదు, ఒప్పుకుంటాను. పనిచేసేవాళ్ళ ఇంటివాళ్ళను అందులో చేర్చుకోకూడదని నియమం. ఫలితం తేలి, మందు మంచిదని రుజువైతే మొదటి డబ్బా నాయనకే. ఆయనతో కూడా ఎన్నోసార్లు అన్నాను, "కొంచెం ఓపిక పట్టు నాయనా, నీ మందు నేనే తెస్తా" అని. అంతవరకు ఆయన నన్ను గుర్తుపెట్టుకుంటే చాలు.

పరీక్ష పద్ధతి ఇది. సగం మందికి మందున్న మాత్రలు, సగం మందికి ఉత్త బియ్యప్పిండి నింపిన మాత్రలు. పైన క్యాప్సూల్ గొట్టం ఒకటే రంగు, ఒకటే బరువు. ఎవరికేది వెళ్ళిందో వేసుకునేవాళ్ళకూ తెలియకూడదు, ఇచ్చే నాకూ తెలియకూడదు. తెలిస్తే నమ్మకంతోనే సగం నయమవుతుంది, ఇక ఆకు ఏం చేసిందో తేలదు. అందుకే డబ్బాల మీద అంకెలు మాత్రం ఉంటాయి, వాటి గుట్టు సీలు వేసిన కవరులో ఉంటుంది. ఏర్పేడు, పుత్తూరు, నగరి, తిరుపతి వీధులు, ఇల్లిల్లూ తిరిగి ఆ డబ్బాలు ఇచ్చి, మిగిలిన మాత్రలు వెనక్కి తేవడం నా పని. మోకాళ్ళు అరిగింది అక్కడే.

ఒకరోజు పుత్తూరు బస్సు ఆలస్యమై, వచ్చేసరికి మా ఆఫీసు మూసేశారు. సంచి ఇంటికి తెచ్చుకుని బల్ల మీద మాత్రలు లెక్కపెడుతున్నాను. నాయన ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. నేను కాగితంలో తల పెట్టిన క్షణంలో ఒక మాత్ర తీసి, గొట్టం విడదీసి, పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపి, నాలిక మీద వేసుకున్నాడు.

"బియ్యప్పిండి," అన్నాడు. "పాత బియ్యం. పడుగు నూలుకు గంజి పెట్టను పనికొస్తాది. మందుకేం పనికొస్తాది?"

నవ్వొచ్చింది. మధ్యాహ్నం ఏం తిన్నాడో చెప్పలేని మనిషి, పాత బియ్యమా కొత్త బియ్యమా చెబుతున్నాడు. నేను వారించేలోపే ఇంకో డబ్బాలోది తీసి నోట్లో వేసుకున్నాడు. మొహమంతా ముడుచుకుపోయింది. "థూ! ఇదీ మందంటే."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. దీనికి నేతగాడి వేళ్ళు అక్కర్లేదు. నాలిక ఉన్నవాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. మాత్రను ఎవరు విప్పుతారులే అని మేమంతా అనుకున్నాం. అప్పుడు నేను ఇల్లిల్లూ చెప్పిన మాటే నాకు గుర్తొచ్చింది.

ప్రతి ఇంట్లో కాగితం చదివి వినిపించేదాన్ని, నీళ్ళతో మింగాలి అని. వెంటనే ఆ ఇంటి కోడలో కూతురో, "మింగలేదు మేడమ్, గొంతులో అడ్డం పడతాది" అనేది. నేనేమో ఆలోచించకుండా, "దానికేముంది, విప్పి తేనెలో రంగరించి నాకించండి" అనేదాన్ని. మా అమ్మ మాకు ప్రతి మందూ అట్లాగే పెట్టింది. ఇంత చదువు చదివి, ఇన్నేళ్ళు ఈ పనే చేసి, ఆ మాట ఎంత కొంప ముంచుతుందో నాకు తట్టనే లేదు. ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు తిరుపతిలో ఒక వైష్ణవుల ఇంటికి వెళ్ళాను. మామగారు గుడి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు, మాత్రలు అత్తగారికి. తేనెలోనే పెడుతున్నారా అని కోడలిని అడిగాను.

"తేనెలోనే మేడమ్. అయితే మొదటి దినమే మా అత్త కనిపెట్టేసింది. చేదు లేదే, ఇది మందెట్లవుతుంది అనింది. మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు. అంగట్లో లేహ్యం తెచ్చి, దాంట్లో కలిపి పెడతా ఉండాము."

"మరి ఆమెకు ఎట్లా ఉంది?"

"బాగుండాది మేడమ్. మీ మందు చాలా మంచిది!"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంకో రెండు ఇళ్ళకు వెళ్ళాను. రెండో ఇంట్లో, చేదు మాత్రలు దొరికిన ముసలాయన వాటిని చప్పటి మాత్రలు దొరికిన చెల్లెలికి సగం పంచాడట. పాపం, ప్రేమగలవాడే.

తిరిగొస్తుంటే బస్సులో ఒకటే ఆలోచన. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? నాయన చెబుతాడా? ఇంకొన్ని నెలలు నోరు మూసుకుంటే ఫలితం వస్తుంది, మందు వస్తుంది, నాయనకు పెట్టుకోవచ్చు. చెబితే అంతా మొదటికి వస్తుంది. ఆయనకు అంత గడువు లేదని నాకు తెలుసు. కానీ నేను ఏదో ఒకటి రాసేస్తే, దాన్ని నమ్మి ఎవరో ఇంకొకరు వాళ్ళ నాయనకు పెట్టుకుంటే? బస్సు దిగి నేరుగా ఈ పరీక్ష నడిపే మా పెద్దమేడమ్ గదికి వెళ్ళి చెప్పేశాను.

ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఎన్ని ఇళ్ళల్లో చెప్పినావు?"

"మింగలేమన్న ప్రతి ఇంట్లో."

"మింగుతామన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లేరు మేడమ్."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె కూడా అలిసిపోయి ఉంది. "ఈసారి పిండిలో కూడా చేదు కలపాల," అని మాత్రం అంది.

పాత డబ్బాలన్నీ పారేయడానికి మూటకట్టాను. నాయన థూ అన్న డబ్బా ఒకటి మాత్రం నా సంచిలోకి వెళ్ళింది. దొంగతనమే, కాదనను. రుజువు కాని మందని నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా తీసుకున్నాను.

ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా ఒక మాత్ర విప్పి, చిన్న గిన్నెలో తేనె పోసి రంగరించి, నాయన కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన గిన్నె వంక చూశాడు, నా వంక చూశాడు.

"ఏందిమ్మా ఇది?"

"మందు నాయనా. బాగా నిద్ర పడుతుంది. తీసుకో."

గిన్నెను మెల్లగా పక్కకు జరిపాడు. "వద్దులేమ్మా, ఏమీ అనుకోవద్దు. మా పాప ఈడే తిరపతిలో మందులు చేస్తాది. నా మందు అదే తెస్తాననింది. అది తెచ్చిందాకా నేను ఇంకొకరి చేతిది తీసుకోను."

"నేనే కదా నాయనా," అన్నాను.

కోప్పడలేదు, కాదని కూడా అనలేదు. కొత్తవాళ్ళతో మాట్లాడే మర్యాదతో, "కూర్చోమ్మా," అన్నాడు. "ఎండలో పడి వచ్చినట్టుండావు. అది వచ్చే వేళే."

గిన్నె ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. నేను వస్తానని ఇద్దరం గుమ్మం వైపు చూస్తూ ఉన్నాం.