మంచు అని రాసుకున్నది

మున్షీ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నేటిదాకా ఒక్క రోజు వదలకుండా డైరీ రాస్తున్న. అందులో తప్పులు తక్కువ. ఉన్నవాటిలో పెద్దది ఒక చలికాలంలో నెలన్నర సాగింది.

పంతొమ్మిది వందల నలభైల మొదట్లో మేము ఉస్మాన్‌గంజ్ వెనక ఒక ఇరుకు గల్లీలో ఉండేవాళ్లం. పెరటి గోడకు ఆనుకొని మిర్చి గోదాం. నా భార్యకు దమ్ము, అంటే ఉబ్బసం. చలి మొదలైందంటే పండుకుంటే ఊపిరాడేది కాదు, గోడకు ఒరిగి కూర్చునే తెల్లవార్చేది. హకీం నాడి చూసి, "ఇంకో చలికాలం గిట్లనే పోతే గుండె తట్టుకోదు. దమ్ము దేనివల్ల లేస్తుందో ముందు అది పట్టుకోండ్రి" అన్నడు.

ఆ పని నాకు వచ్చనుకున్న. డైరీ పేజీలో మూడు గడులు గీసిన. మొదటిది గాలి: మేడ మీద ఆరేసిన పంచె ఎటు ఊగితే అటు. రెండోది ఆకాశం: ఎండ, మబ్బు, మంచు. మూడోది దగ్గు: లేదు, కొంచెం, మస్తు. దఫ్తర్‌లో సర్కారు ఫస్లీ క్యాలెండర్ నెలలు నడిచేవి కాబట్టి పైన అవే వేసిన.

ఒక నెల గడిచేసరికి దోషం మిర్చిదని తేలింది. గోదాం వైపు నుంచి గాలి వచ్చిన రోజులన్నీ ఏరి చూస్తే, అన్నిట్లో దగ్గు 'కొంచెం' అన్నా ఉంది. గాలి లేని రోజుల సంగతి చూడలేదు. డైరీ చంకలో పెట్టుకొని గోదాం సేఠ్ దగ్గరికి పోయిన.

సేఠ్ పేజీలన్నీ ఓపిగ్గా తిరగేసిండు. ఆయనకు తెలుగు చదవరాదు.

"మున్షీజీ, మా హమాలీలు ఈ బస్తాల మీదనే పండుకుంటరు. ఒక్కడు తుమ్మడు."

"వాళ్లకు అలవాటైంది సేఠ్."

"పదేండ్లాయె మీరు పక్కనుండబట్టి. మీకింకా కాలేదా?"

"అలవాటయ్యేదాక ఆమె బతకాలె గద."

సేఠ్ డైరీ నా చేతికిచ్చిండు. మా పెరటి వైపున్న గోదాం తలుపు మూయించి, మిర్చి తిరగబోసే పని మధ్యాహ్నానికి జరిపించిండు. మంచి మనిషి. పదిహేను రోజులు చూసిన. దగ్గు గడిలో 'మస్తు' అట్లనే ఉంది.

ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చొని పేజీలన్నీ చదివి వినిపించిన. చదువుతుంటే కనబడ్డది, దగ్గు మస్తుగా ఉన్న ప్రతి రోజూ ఆకాశం గడిలో 'మంచు' అని ఉంది.

"అయితే మంచే" అన్న.

"మీరు మంచు ఎప్పుడు చూస్తరు?"

"పొద్దుగాల, తానం చేసి బయటికి రాంగనె. గల్లీ అంతా తెల్లగ ఉంటది."

ఆమె ఊపిరి కూడదీసుకొని, "మంచుకు పిడకల వాసనుంటదా?" అన్నది.

నేను మళ్లీ పేజీ దిక్కు చూసిన.

"మీ తానం నీళ్ల పొయ్యి అది. ఊది ఊది నేనే లేపుతున్న ఆ మంచును. మనమొక్కలమేనా, గల్లీల అందరిండ్లల్ల గా యాళ్లకు పొయ్యి మీద నీళ్ల కాగులే."

"మరి ఇన్ని రోజులు చెప్పలేదేంది?"

"మీరు మిర్చి మీద ఉన్నరు గద."

చలికాలం పొద్దున గాలి కదలదు. పొగ పైకి పోక, ఎండ పడేదాకా రెండు గోడల నడుమ కూర్చుంటుంది. నా గడుల్లో కూడా అదే ఉంది. మంచు అని రాసిన ఏ రోజూ పంచె ఊగలేదు. రాసుడే గాని చదవలేదు.

మర్నాటి నుంచి చన్నీళ్ల స్నానం. దాని గురించి ఎక్కువ రాయను. తర్వాత ఇల్లిల్లూ తిరిగి, ఎండ పడ్డాకే పొయ్యి ముట్టించమని అడిగిన. పాలు, పిడకలు అమ్మే ఇంటి ముసలాయన అరుగు మీద కూర్చొని ఉన్నడు.

"ఏం మున్షీ, ఎండొచ్చినంక వేడినీళ్లు ఎవలికి కావాలె?"

"మా ఇంటామె పానం మీదికొచ్చింది బాపు."

ఆయన కొంతసేపు నన్ను పైకీ కిందికీ చూసి, "సరే తియ్. నా కోడండ్లకు చెప్త. మిగిలినోళ్లకు నువ్వే చెప్పుకో" అన్నడు.

మిగిలినవాళ్లలో ఐదిండ్లవాళ్లు ఒప్పుకున్నరు. ఇతరులు కూడా నా ముందర ఒప్పుకొని, తెల్లారి ఎప్పటిలాగే ముట్టించిండ్రు. అయినా గల్లీలో ఎదుటి ఇల్లు కనబడసాగింది.

బహమన్ నెలాఖరున, చలి ఇంకా ముదిరి ఉండగనే, ఒక పొద్దున లేచి చూస్తే ఆమె గోడ దగ్గర లేదు. చాప మీద పక్కకు తిరిగి పండుకొని ఉంది. భయమేసి, వంగి ఊపిరి విన్న. ఆడుతోంది.

ఆమె కండ్లు తెరిచింది.

"ఏంది?"

"ఏం లేదు."

"తానమైందా?"

"ఇంకా కాలేదు."

"పోయి చేయండ్రి మరి" అని అటు తిరిగి మళ్లీ పండుకుంది.